హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్: ఆరు రోజులు, మూడు స్టేజీలు, ఒక గ్రాండ్ పియానో

పని ఇది. సెప్టెంబర్‌లో ఒక గ్రాండ్ పియానో హైదరాబాద్‌లో బయల్దేరి హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఒక్కో కచేరీ ముగించుకుని తిరిగి గోదాముకు చేరాలి. ఊరు చేరిన మర్నాడు కచేరీ, ఆ మర్నాడు పొద్దున్నే ప్రయాణం. ఉప్పల్ నుంచి భువనగిరి, జనగామ మీదుగా హన్మకొండకు సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి నుంచి హుజూరాబాద్ మీదుగా కరీంనగర్‌కు 70. ఆపైన జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి నిజామాబాద్‌కు 150 దాకా. తిరుగు ప్రయాణం 44వ నంబర్ జాతీయ రహదారి మీద 175. అంతా కలిపితే 540 కిలోమీటర్ల లోపే.

ఈ పని అనగానే అందరూ రోడ్ల గురించే అడుగుతారు. ఆ 540 కిలోమీటర్లలో పియానోకు గీత కూడా పడలేదు. వచ్చిన చిక్కుల్లో చాలా భాగం లారీ వెనక తలుపు నుంచి స్టేజీ నడిమధ్యకు ఉన్న నలభై, యాభై మీటర్లలో వచ్చాయి. మిగిలినవి ఏసీ స్విచ్ దగ్గర.

ఏ పియానో, ఎందుకు

కళాకారుల వైపు నుంచి మొదట వచ్చిన కోరిక తొమ్మిదడుగుల కాన్సర్ట్ గ్రాండ్. ఆ తరగతిలో స్టైన్‌వే డి మోడల్ 274 సెం.మీ. పొడవు, 480 కిలోలు. చివరికి తీసుకెళ్లింది యమహా సీ3ఎక్స్: 186 సెం.మీ. పొడవు, 149 వెడల్పు, 320 కిలోలు. మూడు హాళ్లలోనూ ఎలాగూ మైకులు పెట్టే వాయిస్తారు కాబట్టి పెద్ద పియానో ఇచ్చే అదనపు ధ్వనిలో చాలా భాగం స్పీకర్లలోనే కలిసిపోతుంది. అదనపు 88 సెంటీమీటర్ల పొడవు మాత్రం ప్రతి మలుపు దగ్గరా అడ్డం పడుతుంది. లోపల సుమారు 230 తీగలు, వాటి మొత్తం లాగుడు 20 టన్నుల దరిదాపుల్లో. ఆ లాగుడును తట్టుకునే పోత ఇనుప ప్లేటు వల్లే ఇంత బరువు. చెక్క తక్కువ, ఇనుము ఎక్కువ అని మోసేవాళ్లకు ముందే చెప్పాలి. చూడ్డానికి బల్లలా ఉంటుంది కాబట్టి బల్లను పట్టుకున్నట్టే పట్టుకుంటారు.

శృతి ఎంత అన్నది కూడా బయల్దేరక ముందే తేలాలి. 440 హెర్ట్జ్‌లో ఉన్న పియానోను కచేరీ రోజు 442 చేయమంటే అన్ని తీగలనూ ఎనిమిది సెంట్ల (పక్కపక్క కీల స్వరాల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) మేర బిగించాలి. అలా బిగించింది ఒక్క రోజులో నిలబడదు, సాయంత్రానికల్లా జారుతుంది. ఈ పర్యటనలో హార్మోనియం కూడా ఉంది. దాని శృతి మార్చలేం కాబట్టి దాన్నే ముందు కొలిచి, పియానోను వారం ముందే దానికి సరిపెట్టాం.

"ర్యాంప్ ఉంది సార్"

హాలు వాళ్లకు ఫోన్ చేస్తే మూడు చోట్లా ఒకటే జవాబు: "ర్యాంప్ ఉంది సార్, ఏం ఫికర్ లేదు." పది రోజుల ముందు టేపు పట్టుకుని వెళ్తే హన్మకొండ హాల్లో ఉన్నది వీల్‌చైర్ కోసం కట్టిన ర్యాంప్. వెడల్పు 110 సెం.మీ., మధ్యలో ఎల్ ఆకారంలో మలుపు, రెండు పక్కలా స్టీలు రెయిలింగ్.

కాళ్లు తీసి, పక్క మీద నిలబెట్టి, స్కిడ్ బోర్డుకు (పియానోను నిలబెట్టి జరిపే పొడవాటి చెక్క పలకకు) కట్టాక ఈ పియానో 200 సెం.మీ. పొడవు, బ్లాంకెట్లతో కలిపి 60 సెం.మీ. మందం ఉంటుంది. ఎల్ మలుపులో తిరగాలంటే మలుపుకు రెండు వైపులా దారి కనీసం 113 సెం.మీ. ఉండాలి. లెక్క తేలికే. పొడవులో సగానికి మందం కలిపి, 1.41తో భాగించాలి. 100, 60 కలిపితే 160, భాగిస్తే 113. మూడు సెంటీమీటర్ల దగ్గర ఆ ర్యాంప్ పనికిరాకుండా పోయింది. పైగా 113 అన్నది వస్తువు తిరగడానికి మాత్రమే. దాన్ని పట్టుకున్న చేతులకూ చోటు కావాలి. 130 లేని మలుపును మేం దారిగా లెక్కలో వేసుకోం.

మిగిలింది స్టేజీ వెనక తలుపు. ఏడు మెట్లు, ఒక్కోటి 15 సెం.మీ., మొత్తం ఎత్తు 105. మెట్ల మీద పియానోను ఎత్తి మోయడం ప్రమాదం. కింద ఉన్నవాళ్ల మీదికే బరువంతా ఒరుగుతుంది. అందుకని నాలుగున్నర మీటర్ల పొడవు, రెండంగుళాల మందం ఉన్న పరంజా చెక్కలు నాలుగు అద్దెకు తెచ్చి, మెట్ల అంచుల మీద ఆనించి, పైన 18 ఎం.ఎం. ప్లైవుడ్ స్క్రూలతో బిగించాం. నెట్టడానికి ఎంత బలం కావాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. బోర్డు, డాలీ (బోర్డు కింద పెట్టే చక్రాల చట్రం), బ్లాంకెట్లతో కలిపి 370 కిలోలు. ఎత్తును వాలు పొడవుతో భాగించి, బరువుతో గుణిస్తే 86 కిలోలు, పైన కొంత రాపిడి. నలుగురికి అది ఎక్కువేమీ కాదు. అదే మూడు మీటర్ల చెక్కలైతే దాదాపు 130 కిలోలవుతుంది. ఒకడి కాలు జారితే మిగతా ముగ్గురు ఆపలేరు. వాలు పొడవుగా ఉంటే జనం తక్కువ పడతారు. స్థానికంగా దొరికే చెక్కలు పొట్టివైతే ఇంకో ఇద్దరు మనుషుల్ని పిలవడం కంటే పొడవు చెక్కలు వెతకడం నయం. పైన తలుపు దాటాక లోపలి కాంక్రీటు స్తంభానికి ఒక చుట్టు వేసిన మోకు కూడా ఉంచాం. పైకి నెట్టేటప్పుడు ఒకడు మోకు సందు బిగిస్తూ ఉంటాడు. దించేటప్పుడు పియానో వేగం చేతుల మీద కాదు, ఆ మోకు మీదే ఆధారపడాలి.

తలుపు ఎత్తు కూడా కొలవాలి. పియానో వెడల్పు 149 కదా, పక్క మీద నిలబెడితే అదే ఎత్తవుతుంది. బోర్డు, డాలీ కలిపితే 175. రెండు మీటర్ల తలుపు సరిపోతుందనే అనిపిస్తుంది. కరీంనగర్‌లో తలుపు పైన బిగించిన డోర్ క్లోజర్ చెయ్యి 12 సెం.మీ. కిందికి వేలాడింది. ముందురోజే స్క్రూడ్రైవర్‌తో విప్పించాం.

కాళ్లు విప్పే వరుస

వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరు. బరువులెత్తే హమాలీలకు ఇక్కడ కరువు లేదు. కానీ మిర్చి బస్తా ఎత్తే పద్ధతి వేరు. బస్తా ఒక్కడి వీపు మీదికి వెళ్తుంది, వాడి అడుగు వాడిదే. పియానో ఆరుగురు ఒక్క మాట మీద కదిలిస్తే తప్ప కదలకూడదు. కాబట్టి పని మొదలయ్యే ముందు పావుగంట మాటల మీదే గడుపుతాం. "లేపు", "ఆగు", "దించు" అనే మూడే మాటలు, అవీ ఒక్కరి నోట్లోంచే రావాలి. ఆరుగురూ కలిసి పాట అందుకుంటే ఆ ఊపులో ఒకడు ముందే ఎత్తేస్తాడు.

"అన్నా, గింత చిన్న కాలు గంత బరువు ఎట్ల ఆపుతది?" అని ఒక హమాలీ అడిగాడు. సరైన ప్రశ్న. నిట్టనిలువుగా ఉన్నంతసేపే ఆపుతుంది. పక్క నుంచి తోస్తే కాలు పైభాగంలోని చెక్క చీలుతుంది. పియానోను దాని కాళ్లకున్న చిన్న చక్రాల మీద స్టేజీ అంతా తోయకూడదనేది అందుకే.

ముందు కీల మూత వేసి తాళం పెట్టాలి. నోట్స్ పెట్టుకునే స్టాండు తీసేయాలి. పెద్ద మూతను మడత బందుల పిన్నులు లాగి విడదీసి వేరే బ్లాంకెట్లో చుట్టాలి. తరువాత పెడల్ లైర్, అంటే పియానో కింద పెడళ్లు బిగించి ఉండే చట్రం. దాని బోల్టులు, వెనక ఊతంగా ఉన్న రెండు కడ్డీలు విప్పగానే పైకి వెళ్లే మూడు సన్నని పెడల్ రాడ్లు చేతిలోకి ఊడొస్తాయి. పర్యటనలో ఎక్కువగా పోయేవి ఇవే. వాటిని జిప్ సంచిలో వేసి, ఆ సంచిని లైర్‌కే కట్టేయాలి. ఎవరి జేబులోనూ పెట్టుకోకూడదు.

ఇప్పుడు బేస్ వైపు (మంద్ర స్వరాలుండే ఎడమ వైపు) ముందు కాలు. ఇద్దరు ఆ మూలను కీబోర్డు కింద నుంచి పట్టి కొద్దిగా లేపుతారు, మూడోవాడు కాలు విప్పుతాడు. ఆ మూలను నెమ్మదిగా బ్లాంకెట్ పరిచిన స్కిడ్ బోర్డు మీదికి దించి, అక్కడి నుంచి మొత్తం పియానోను దాని నిటారు పక్క మీద నిలబెడతారు. మిగతా రెండు కాళ్లు అప్పుడే విప్పాలి. వంపు ఉన్న పక్క ఎప్పుడూ పైనే ఉండాలి. కాళ్లు మూడూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఒకటి సరిగ్గా కూర్చోవు. కాలి మీదా, అది కూర్చునే గుంట పక్కనా 1, 2, 3 అని స్టిక్కర్లు అంటించి ఉంచాం. చాక్‌పీస్ గీతలు మూడో ఊరు వచ్చేసరికి చెరిగిపోతాయి.

లారీ

పద్నాలుగడుగుల మూసిన కంటైనర్ తీసుకున్నాం. హైడ్రాలిక్ టెయిల్‌లిఫ్ట్ ఉన్న బండి ఇటువైపు దొరకడం కష్టం కాబట్టి పైన చెప్పిన పొడవు చెక్కలే లారీకీ పనికొచ్చాయి. కంటైనర్లతో అసలు చిక్కు లోపల కట్టడానికి కడియాలు లేకపోవడం. లోపలి గోడలు ఉత్త ప్లైవుడ్, దానికి కొక్కెం కొడితే ఊడిపోతుంది. నేల కింది ఇనుప అడ్డకమ్మీల్లోకి నాలుగు ఐబోల్టులు దింపించి, 50 ఎం.ఎం. రాచెట్ బెల్టులు రెండింటిని వాటికి కట్టాం. డాలీ తీసేసి, బోర్డును నేరుగా రబ్బరు మ్యాట్ మీద, కేబిన్ వైపు గోడకు ఆనించి నిలబెట్టాలి. చక్రాల మీద ఉన్న బరువును ఏ బెల్టూ నమ్మకంగా ఆపదు.

ఖాళీ లారీ నిండు లారీ కంటే ఎక్కువ ఎగురుతుంది. టన్నుల బరువు కోసం తయారైన కమాన్ కట్టలకు 370 కిలోలు ఒక లెక్క కాదు, గుంతలో పడితే అవి వంగవు, దెబ్బంతా నేరుగా పైకే వస్తుంది. అందుకే స్పీకర్లు, స్టాండ్లు, కేబుల్ పెట్టెలు వేరే బండిలో కాకుండా ఇదే లారీలో వేయించాం. బండి కుదురుగా సాగింది, ఖర్చూ తగ్గింది. డ్రైవర్‌కు ఇచ్చిన సూచన ఒక్కటే: గంటకు 50 దాటకు, ఊళ్ల స్పీడ్ బ్రేకర్ దగ్గర దాదాపు ఆగి దాటు. వినాయక నిమజ్జనం రోజుల్లో ఊళ్లోకి లారీ పెట్టకుండా తేదీలు జరిపాం. మేడారం జాతర ఏడాదైతే ఆ వారాల్లో హన్మకొండ దారి పట్టకపోవడమే మంచిది.

కాగితాల సంగతి క్లుప్తంగా. అమ్మకం కాని సరుకు కాబట్టి డెలివరీ చలాన్ ఉండాలి. విలువ 50,000 దాటుతుంది కాబట్టి ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. మధ్యలో రెండేసి రాత్రులు ఆగే పర్యటనకు మొత్తం దారికీ ఒకే బిల్లు తీస్తే గడువు దాటిపోతుంది, అందుకని ప్రతి అంచెకూ వేరే చలాన్, వేరే బిల్లు తీశాం. ఇన్సూరెన్స్‌లో ఐటీసీ-బీ (ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజ్, అంటే దేశం లోపలి రవాణా బీమా షరతుల్లో బీ రకం) తీసుకుంటే లారీ గుద్దుకోవడం, బోల్తాపడడం, నిప్పు లాంటివే కవర్ అవుతాయి. ర్యాంప్ మీంచి జారిపడితే ఏమీ రాదు. ఐటీసీ-ఏ తీసుకుని, ఎక్కించడం, దించడం కూడా వర్తిస్తాయని పాలసీలోనే రాయించుకోవాలి.

ఏసీ ఎప్పుడు వేస్తారు?

హన్మకొండలో అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ముందురోజు సాయంత్రం పియానో స్టేజీ ఎక్కింది, రాత్రంతా హాలు గాలికి అలవాటు పడింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ట్యూనింగ్ మొదలై నాలుగున్నరకు అయింది. అప్పుడు హాల్లో 30 డిగ్రీలు. కచేరీ ఏడింటికి. కరెంటు బిల్లు ఆదా కోసం ఆరింటికి ఏసీ వేశారు. అదీ పూర్తి జోరులో, స్టేజీ మీది డక్టు నేరుగా పియానో మీదికి ఊదేలా. ఆరున్నరకు పై అష్టకంలో (కీబోర్డు కుడి చివరి ఎత్తు స్వరాల్లో) తీగలు ఒకదానితో ఒకటి శృతి కలవక అలలా మోగడం మొదలైంది.

కారణం ఇనుమే. సన్నని తీగ నిమిషాల్లో చల్లబడి కుంచించుకుపోతుంది. వందల కిలోల ప్లేటు, చట్రం గంటల తరబడి వేడిగానే ఉంటాయి. తీగ ఒక్కటే చల్లబడిన ఆ కాసేపట్లో డిగ్రీకి సుమారు రెండు సెంట్లు శృతి పైకి పోతుంది. అదీ అన్ని తీగలకూ ఒకేసారి కాదు. పై అష్టకంలోని సన్న తీగలు ముందు, రాగి చుట్టిన బేస్ తీగలు చాలా వెనక. మొత్తం పియానో ఒకేలా ఎక్కితే ఎవరికీ తెలియదు, ఎక్కువ తక్కువలుగా ఎక్కితేనే వినపడుతుంది. చెక్క సౌండ్‌బోర్డు తేమకు ఉబ్బడం, ఎండడం దీనికి వేరు. అది రోజుల మీద నడిచే వ్యవహారం, ఒక్క సాయంత్రంలో తేలేది కాదు.

అక్కడికక్కడ చేయగలిగింది డక్టుకు అట్ట అడ్డం కట్టి గాలి పక్కకు మళ్లించడం, ఆరు గంటల నలభై నుంచి ఏడు దాకా పై రెండు అష్టకాలు మాత్రం సరిదిద్దడం. కచేరీ పావుగంట ఆలస్యంగా మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్ హాళ్లకు అదే రాత్రి రాతపూర్వకంగా పంపిన షరతు: ట్యూనింగ్‌కు మూడు గంటల ముందు ఏసీ వేయాలి, 25 డిగ్రీల దగ్గర పెట్టాలి, కచేరీ అయ్యేదాకా ముట్టకూడదు. అదనపు కరెంటు ఖర్చు మేం భరిస్తాం. అంతసేపు వేయలేమంటే అసలు వేయొద్దు. వేడిగా, నిలకడగా ఉన్న హాలు చల్లగా మారుతున్న హాలు కంటే పియానోకు మేలు. ప్రేక్షకులు విసనకర్రలు ఊపుకుంటారు, అంతే.

ట్యూనింగ్‌కు రెండు గంటల నిశ్శబ్దం కూడా ఆ కాగితంలోనే రాయాలి. లేకపోతే సరిగ్గా ఆ సమయానికే సౌండ్ వాళ్ల "హలో, చెక్, చెక్" మొదలవుతుంది.

సభ, సన్మానం, ఆ తరువాత కచేరీ

కరీంనగర్‌లో కచేరీకి ముందు సభ ఉంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు. నిర్వాహకులు పియానోను మూలకు జరిపి, సభ అయ్యాక మధ్యలోకి తెమ్మన్నారు. ట్యూన్ చేసిన పియానోను జరపకూడదని వాదించి లాభం లేదు, ఏ ఊళ్లోనైనా సభ ఉంటుంది. మూడు కాళ్ల కిందా ఒకేసారి పట్టే మూడు చేతుల ఇనుప ట్రాలీ మీద మొదటి నుంచీ ఉంచితే జరపడం పెద్ద పని కాదు, శృతి కూడా కదలదు. స్టేజీ చెక్కది, లోపల బోలు. ఒక్కో కాలి కింద వంద కిలోలకు పైగా బరువు అరచేయంత చోటులో పడుతుంది. అందుకని ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ రెండు షీట్లు పరిచి, వాటి మీదే నడిపించాం.

బరువు కంటే అలవాట్లే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. నల్లగా నిగనిగలాడే బల్ల కనపడితే దాని మీద నీళ్ల బాటిల్, బొకే, జ్ఞాపిక పెట్టడం మనవాళ్లకు సహజం. సభ నడిచినంతసేపు మూత మూసి, మందపాటి కవర్ కప్పి, పక్కన ఒక మనిషిని నిలబెట్టాం. దీపపు కుందిని కనీసం మూడు మీటర్ల అవతలికి జరిపించాం. పూలరేకులు చల్లే కార్యక్రమం ఉంటే పియానో మూత తెరిచే ముందు అదయిపోవాలి.

అదే మధ్యాహ్నం రిహార్సల్లో పై అష్టకంలో ఒక తీగ తెగింది. ఈ పియానోలో ఒక తీగే వెనక పిన్ను చుట్టూ మళ్లి వచ్చి రెండు తీగలుగా మోగుతుంది. అంటే తెగింది ఒకటైనా పోయేవి రెండు. అదృష్టవశాత్తు ఆ రెండూ పక్కపక్క స్వరాలవి, ఒక్కో దానికి ఇంకా రెండేసి తీగలున్నాయి. కొత్త తీగ వేయలేదు. కొత్త తీగ రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది, కచేరీ మధ్యలో జారితే రెండు తీగలతో మోగే స్వరం కంటే హీనంగా వినపడుతుంది. రెండూ ఒకే స్వరానివై ఉంటే మటుకు కొత్తది వేయక తప్పేది కాదు. ప్రతి అరగంటకూ లాగుతూ కూర్చోవాలి.

నిజామాబాద్: వాన, మంచు

మంగళవారం రాత్రి పదిన్నరకు కచేరీ అయింది. బయట సన్నవాన. హాల్లో 23 డిగ్రీలు, బయట 27, తేమ 85 శాతం. అలాంటి గాలిలో 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి బొట్లు కడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే. పియానో ప్లేటు, తీగలు, 230 ట్యూనింగ్ పిన్నులు అన్నీ 23 దగ్గరే ఉన్నాయి. తడి తీగ మీద తుప్పు ఒక్క రాత్రిలో మచ్చగా కనపడుతుంది, ఆ తీగ తరువాతి నెలల్లో తెగుతుంది.

కచేరీ అవగానే ఏసీ ఆపించి, తలుపులు మూసే ఉంచి, స్టేజీ మీదే కాళ్లు విప్పాం. మొదట బ్లాంకెట్లు, వాటి పైన పొర మీద పొరగా స్ట్రెచ్ ప్లాస్టిక్, అతుకుల దగ్గర టేపు. వరుస ముఖ్యం. హాల్లోని పొడి గాలి లోపలే చిక్కుకోవాలి, బయటి తడి గాలి ప్లాస్టిక్ దగ్గరే ఆగాలి. బ్లాంకెట్ బయట ఉంటే వాన నీరు పీల్చుకుని పియానోను తడి గుడ్డలో చుట్టినట్టవుతుంది. లారీకి, తలుపుకు మధ్య టార్పాలిన్ కట్టించి, ప్లైవుడ్ మీద గోనె పట్టాలు పరిచాం. తడి ప్లై మీద డాలీ చక్రాల కంటే మనిషి చెప్పులే ముందు జారతాయి.

పన్నెండు దాటాక బయల్దేరి, తెల్లారేసరికి హైదరాబాద్. పగటిపూట సిటీలో లారీలకు ఆంక్షలుంటాయి కాబట్టి ఆ వేళకు చేరడమే కావాలి. చుట్టిన ప్లాస్టిక్‌ను గోదాములో సాయంత్రం దాకా విప్పలేదు, లోపలి ఇనుము బయటి వేడికి సమానమయ్యేదాకా ఆగాం. విప్పితే తీగలు పొడిగా ఉన్నాయి. లెక్క చూస్తే పెడల్ రాడ్లు మూడూ సంచిలో ఉన్నాయి. రెండో నంబర్ కాలి చక్రం దగ్గర చిన్న నొక్కు. ట్యూనర్ కరీంనగర్‌లో తెగిన తీగ స్థానంలో కొత్తది వేసి, ఆ రోజే నాలుగుసార్లు లాగి, వారం తరువాత మళ్లీ వస్తానని స్టిక్కర్ మీద తేదీ రాసి ప్లేటుకు అంటించాడు.